బెల్లు తాడు అందే ఎత్తు

నేను బస్సు కండక్టరుని. విజయనగరంలో బయలుదేరి నెల్లిమర్ల, గుర్ల, గరివిడి మీదుగా చీపురుపల్లి వెళ్లి, అక్కడినుంచి రాజాం దాకా పోయే ఆర్డినరీ బస్సుల్లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాను. ఒకరోజు నా కుడి చెయ్యి పైకి లేవనని మొరాయించింది. దాన్ని మళ్లీ లేపడానికి నేనేం చేశానో, లేచాక ఏం జరిగిందో రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. చూసినవాళ్లంతా "అదృష్టవంతురాలివి, నయమైపోయింది" అంటారు. అదృష్టం కాదని చెప్పడానికి కూడా రాస్తున్నాను.

ఆ ఉదయం నెల్లిమర్లలో జూటుమిల్లు షిఫ్టు దిగిన జనం ఎక్కేసరికి బస్సులో కాలు పెట్టే చోటు లేకపోయింది. గుర్ల దాటాక ఒక అడ్డరోడ్డు దగ్గర వంకాయల గంపతో ఒక ముసలామె దిగాలి. నేను బస్సు మధ్యలో ఇరుక్కుపోయి ఉన్నాను. ఎడమ చేతిలో టిక్కెట్ల మిషను, పొట్ట మీద తోలుసంచి. "ఓల్డాన్" అని అరిచాను. ఆ గోలలో డ్రైవరుకు వినబడలేదు. ఇక బెల్లు కొట్టాలి. మా బస్సుల్లో బెల్లు తాడు కప్పు వెంబడి ముందునుంచి వెనక దాకా పోతుంది. దానికోసం కుడిచెయ్యి ఎత్తాను. రొమ్ము ఎత్తు దాకా వచ్చి, గడియ వేసిన తలుపులా ఆగిపోయింది. నొప్పి కూడా లేదు ముందు. ఇంకా పైకి తోశాను. అప్పుడొచ్చింది నొప్పి, భుజం మీదినుంచి మోచేతి దాకా మరిగిన నూనె జారినట్టు.

ఎవరో సీట్లమీద బాదితే బస్సు ఆగింది. అప్పటికే అరకిలోమీటరు దాటిపోయింది. ముసలామె దిగుతూ దిగుతూ నన్ను కడిగేసింది.

"ఏటమ్మా, తాడు లాగడానికి కూడా ఓపిక నేదేటి నీకు? ఈ గంపెట్టుకుని ఎనక్కి ఎవులు నడుస్తారు, మీ అయ్యా?"

ఆమె గంప అంచులు రెండు చేతులతో పట్టుకుని, మోకాళ్లు కాస్త వంచి, ఒక్క ఊపులో నెత్తి మీదికి ఎత్తేసుకుని వెళ్లిపోయింది. ఆమెకు డెబ్బై ఏళ్లకు తక్కువుండవు. నాకు నలభై ఆరు. కిటికీలోంచి ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాను. సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం.

చీపురుపల్లి కాంప్లెక్సులో బస్సు ఆగాక డ్రైవరు దగ్గరికొచ్చాడు. నౌపడ వైపు మనిషి, ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. ఎన్నో ఏళ్లుగా కలిసి డ్యూటీలు చేస్తున్నాం.

"ఏటైనాది సెల్లీ? బెల్లెందుకు కొట్టనేదు?"

"సెయ్యి లెగనేదన్నా."

"ఎన్నాళ్లనించి?"

"లెగకపోడం ఇయ్యాలే. నొప్పయితే నాలుగు నెల్లనించి ఉన్నాది."

"నాలుగు నెల్లా? మరి సెప్పవేటి?" అని తిట్టాడు.

ఏం చెప్పను? ముందు తల దువ్వుకునేటప్పుడు పట్టేది. తర్వాత చీర కొంగు వెనకనుంచి తెచ్చుకోవడం కష్టమైంది. లంగా బొందు వెనక సర్దుకోవడానికి చెయ్యి నడుం దాటి వెళ్లేది కాదు. ఆఖరికి జడ మా ఆయన వేయడం మొదలుపెట్టాడు. ఆయన రైతు. వరితో పాటు మెట్టలో గోగు, మొక్కజొన్న వేస్తాడు. గోగునార పేనినట్టు నా జుట్టు పేనేవాడు. ఒక పక్కకి పడుకుంటున్నాను కదా, అందుకే అనుకున్నాను. షుగరు మాత్రలు వేసుకుంటున్నాను కదా, అదే సర్దుకుంటుందనుకున్నాను. మన ఒంట్లో ఏది ఆగిపోతున్నా ముందు మనమే దానికి సాకులు వెతికి పెడతాం.

విజయనగరంలో డాక్టరు చూసి, భుజం బిగిసిపోయిందన్నాడు. షుగరు ఉన్నవాళ్లకి ఎక్కువ వస్తుందట. ఏడాది పట్టొచ్చు, ఏడాదిన్నర పట్టొచ్చు, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు. మందులు రాసి, ఫిజియోథెరపీ గదికి పంపాడు. అక్కడ ఒక అమ్మాయి ఉంది. ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో ఉంటాయి. శ్రీకాకుళంలో గుడిలో నాదస్వరం వాయించే కుటుంబంలో పుట్టిందని తర్వాత తెలిసింది. పిల్లల జామెట్రీ పెట్టెలో కోణమానినికి రెండు పుల్లలు తగిలించినట్టున్న ఒక వస్తువు నా భుజం దగ్గర పెట్టి, చెయ్యి ఎత్తమంది.

ఎత్తాను.

"డెబ్బై అయిదు డిగ్రీలు" అంది. "అందులో కూడా మోసముందమ్మా. మీరు ఎత్తుతున్నది చెయ్యి కాదు, భుజం. అద్దంలో చూడండి."

చూశాను. నిజమే. నా కుడి భుజం చెవి దాకా ఎగిరి కూర్చుంది. "నాకేం తెలుసు" అన్నట్టు భుజాలు ఎగరేసే మనిషిలా ఉన్నాను.

ఆ అమ్మాయి నా వీపు మీద చెయ్యి వేసి రెక్క ఎముక ఎక్కడుందో చూపించింది. చెయ్యి పైకి లేవడమంటే ఒక్క కీలు చేసే పని కాదట. భుజం దగ్గర ఒక గుండు, దానికి ఒక చిప్ప. గుండు పెద్దది, చిప్ప చిన్నది, లోతు లేనిది. అందుకే చెయ్యి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే తొందరగా చెడుతుంది. చెయ్యి లేస్తుంటే గుండు చిప్పలో దొర్లుతుంది. కాసేపటికి రెక్క ఎముక కూడా వీపు మీద జరిగి తోడు వస్తుంది. మూడు వంతులు లేచిందంటే ఇంచుమించు రెండు వంతులు గుండుది, ఒక వంతు రెక్కది. నాకు గుండు కదలడం మానేసింది. పాపం రెక్క ఒక్కతే మొత్తం మోస్తోంది.

"గుండు చుట్టూ ఒక పొర ఉంటుందమ్మా. సంక దగ్గర అది మడతలు మడతలుగా వదులుగా ఉండాలి. చెయ్యి లేచేటప్పుడు ఆ మడత విప్పుకోవాలి. మీకది ముడుచుకుని అతుక్కుపోయింది."

"కొత్త జాకెట్టు ఉతికితే సంకలో ముడుసుకుపోయినట్టా?"

ఆ అమ్మాయి నవ్వింది. "అంతే. చింపకుండా సాగదీయాలి."

మా డిపోలో డ్యూటీలు చూసే ఆఫీసరు దగ్గరికి సెలవు కాగితం పట్టుకుని వెళ్లాను. ఆయన చెడ్డవాడని నేననను. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మా, నీ మంచికే చెప్తున్నాను. ఇది పోయేది కాదు. మా బావగారికీ ఇంతే. ఎంక్వైరీ కౌంటర్లో కూర్చో. ఫ్యాను కింద ఉద్యోగం. లైను డ్యూటీ ఆడవాళ్లకి కష్టమని మేం మొదటినుంచీ అంటూనే ఉన్నాం."

ఆ ఆఖరి మాట అనకపోతే నేను ఒప్పుకునేదాన్నేమో. చెప్పలేను. పదమూడేళ్ల కిందట నేను మొదటిసారి ఖాకీ కోటు వేసుకుని బస్సెక్కిన వారంలో గరివిడి దగ్గర ఒక పెద్దమనిషి మెట్టు మీద కాలు పెట్టి నన్ను చూసి, "ఆడ కండక్టరేటి, ఈ బండి ఎప్పుడికెల్తాది" అని దిగిపోయాడు. తర్వాతి బస్సు గంటకు గాని లేదు. ఆ మనిషి ఆ గంటసేపు ఎండలో నిలబడ్డాడన్న సంతోషంతో నేను చాలా ఏళ్లు బతికాను. పల్లెల్లో నన్ను పేరు పెట్టి పిలిచే వాళ్లున్నారు. పురిటి నొప్పుల మనిషిని ఆస్పత్రి గేటు దాకా చేర్చిన బండి నాది. నా చెయ్యి బిగిసింది గాని నేను బిగిసిపోలేదు కదా.

"నాకు సెలవివ్వండి బాబూ" అన్నాను. "లైనుకే వస్తాను."

"వస్తే రా. చెయ్యి పూర్తిగా ఎత్తి చూపించు, డ్యూటీ వేస్తాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అక్కడినుంచి మా ఇల్లు ఒక వింత బడి అయింది. రోజుకు మూడుసార్లు నేను బల్ల మీద ఎడమచెయ్యి ఆనించి, ముందుకు వంగి, కుడిచేతిని ఏనుగు తొండంలా కిందికి వదిలేసి ఊపేదాన్ని. చెయ్యి తనంతట తాను ఊగాలి, మనం ఊపకూడదు. ఒంటిని కదిపితే చెయ్యి ఊగాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. పని చేసే చేతికి ఊరుకోవడం రాదు. తర్వాత గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లను సాలెపురుగులా గోడ మీద పైకి నడిపించాలి. ఎక్కడిదాకా వెళితే అక్కడ పెన్సిల్ గీత. మా ఆయన ముందటేడే ఆ గోడకు రంగు వేయించాడు.

"ఒసే, గోడంతా పాడు సేస్తన్నావు" అన్నాడు.

"గోడకి మళ్లీ రంగేయొచ్చు. నాకెయ్యలేం" అన్నాను.

మర్నాడు ఆయన పెరట్లో పూడిపోయిన నూతి మీది పాత గిలక విప్పి, కిరసనాయిలుతో తుప్పు వదిలించి, తలుపు పైన దూలానికి బిగించాడు. దాంట్లోంచి తాడు వేసి రెండు చివర్లకీ కర్రముక్కలు కట్టాడు. ఎడమచెయ్యి కిందికి లాగితే కుడిచెయ్యి పైకి లేస్తుంది. ఆ మనిషి మాటలకంటే గిలక ఎక్కువ మాట్లాడింది.

ఫిజియో అమ్మాయి చెప్పిన చిన్న సంగతులు కొన్ని ఉన్నాయి. చదివేవాళ్లు ఇప్పుడే చేసి చూడొచ్చు. బొటనవేలు నేలకేసి ఉంచి చెయ్యి పక్కకి ఎత్తండి. భుజం మట్టం దాటాక ఎక్కడో అడ్డం తగిలినట్టుంటుంది. ఇప్పుడు బొటనవేలు ఆకాశం వైపు తిప్పి ఎత్తండి. దారి తెరుచుకుంటుంది. చేతి ఎముక తనలో తాను కాస్త బయటికి తిరిగితేనే పైనున్న ఎముక చూరు కింద దానికి చోటు దొరుకుతుందట. ఇంకోటి, చెయ్యి నేరుగా పక్కకి కాకుండా, నేరుగా ముందుకీ కాకుండా, రెండింటికీ మధ్యలో ఎత్తితే సుఖం. మన రెక్క ఎముక వీపుకి సమంగా అతికి ఉండదు, కొంచెం ముందుకు ఓరగా ఉంటుంది. అది చూసే వైపుకే చెయ్యి హాయిగా వెళ్తుంది. నలభై ఆరేళ్లు ఈ చేతులతో వండి, ఉతికి, నాట్లు వేసి, టిక్కెట్లు కొట్టాను. ఏ దారి సుఖమో ఒక్కరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

వారానికి రెండుసార్లు ఆస్పత్రికి బస్సులో వెళ్లేదాన్ని. మొదటిసారి నా బస్సులో నేను ప్రయాణికురాలినయ్యాను. ఏ పనీ లేదు కాబట్టి చేతులు చూసేదాన్ని. కాలేజీ పిల్ల ఒకతె పై రాడ్డు అందక వేళ్ల కొసలతో పట్టుకుని వేలాడుతుంటే ఆమె నడుం మొత్తం పక్కకి వంగిపోయింది. పొడుగాటి మనిషి మోచెయ్యి మడిచి అదే రాడ్డుకి హాయిగా చెయ్యి తగిలించుకుని నిద్రపోతున్నాడు. చంటిబిడ్డ తల్లి ఒక చెయ్యి బిడ్డకి, ఒక చెయ్యి సీటు వెనకున్న పిడికి. ఆడవాళ్లలో సగం మంది పై రాడ్డు జోలికే వెళ్లరు, సీటు పిడులే పట్టుకుంటారు. వాళ్లకది అందదు కాబట్టి. పదమూడేళ్లు ఆ బస్సుల్లోనే తిరిగి, ఇది నాకు కనబడలేదు.

ఒకనాడు మా డ్రైవరన్న బస్సే దొరికింది. ఇంజను పక్క సీటులో కూర్చున్నాను. నా వ్యాయామాల గురించి అడిగి, స్టీరింగు మీంచి కళ్లు తీయకుండా ఆయనో మాట చెప్పాడు. ఆయన తండ్రి నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసేవాడు.

"ఉప్పు గుంజేవోడు సేత్తో గుంజడు సెల్లీ. సేత్తో గుంజినోడు ఎండెక్కేసరికి కూలబడిపోతాడు. కాలు ఎనక్కేసి, నడుంతోటి గుంజాల. సెయ్యి కొక్కేనికే. మా నాన సచ్చేదాకా అదే సెప్పీవోడు."

ఆ మాట ఆస్పత్రిలో చెబితే ఫిజియో అమ్మాయి తల ఊపింది. "కరెక్టుగా చెప్పారమ్మా. బలం కాళ్లలోంచి రావాలి. చెయ్యి చివరి మెట్టు." తర్వాత, ఎవరూ అడగని ప్రశ్న అడిగింది. "ఇంతకీ మీ బెల్లు తాడు ఎంత ఎత్తులో ఉంటుంది?"

నాకు తెలియదు. నా ఎత్తు అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ. తాడు మాత్రం నా తల పైన ఎక్కడో ఉంటుంది. మునివేళ్ల మీద లేచి లాగుతాను, అంతే.

"రోజంతా చెయ్యి అంత పైన పెట్టి లాగితే బాగున్న భుజం కూడా నొప్పెడుతుంది" అంది. దానివల్లే నాది బిగిసిందని మాత్రం అనలేదు, అలా చెప్పలేమంది. కాని ఆ ప్రశ్న నాతో ఇంటికొచ్చింది.

ఆరు నెలలకు చెయ్యి నూట పది దాకా వచ్చింది. అక్కడ ఆగింది. నెల గడిచినా గోడ మీద కొత్త గీత పడలేదు. పాత గీత మీదే గీత గీసి గీసి అది నల్లగా లావెక్కింది. ఆ రోజుల్లో నేనొక తెలివితక్కువ పని చేశాను. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. స్టూలెక్కి, ఎడమచేత్తో కుడిచేతిని పైకి తోసి, గుమ్మం దూలానికి వేళ్లు తగిలించి, స్టూలు మీంచి కాళ్లు తీసేశాను. ఈ భుజమో, నేనో తేలిపోవాలనుకున్నాను. లోపల ఏదో గుడ్డ చిరిగిన చప్పుడు విన్నాను. నా నోట్లోంచి వచ్చిన అరుపుకి పక్కింటి కోళ్లు లేచి పారిపోయాయి.

మూడు వారాలు చెయ్యి కదల్లేదు. ఆస్పత్రికి వెళితే ఆ అమ్మాయి కళ్లలో మొదటిసారి కోపం చూశాను.

"మొండితనం మంచిదే అమ్మా. ఇది మొండితనం కాదు, మూర్ఖత్వం. మీ చేతి మీద మీరే పగబడితే అదెందుకు మీ మాట వింటుంది?" కోణం కొలిచింది. "తొంభై. ఇరవై పోగొట్టుకున్నారు."

బస్సు స్టాండు దాకా ఏడుస్తూ నడిచాను. అక్కడ మొహం కడుక్కున్నాను. ఇంటికి వెళ్లి మళ్లీ బల్ల మీద వంగి చెయ్యి ఊపడం మొదలుపెట్టాను. ఈసారి నిజంగా వదిలేశాను దాన్ని. ఊగనిచ్చాను.

పద్నాలుగో నెలలో డాక్టరు పని చేసుకోవచ్చని రాసిచ్చాడు. కోణం నూట నలభై. వీపు వెనక్కి చెయ్యి ఇంకా నడుం దాకానే. కాగితం పట్టుకుని డిపోకి వెళ్లాను. ఆఫీసరు దాన్ని చదివి పక్కన పెట్టాడు.

"ఎత్తు చూద్దాం."

ఎత్తాను. భుజం ఎగరెయ్యకుండా, బొటనవేలు పైకి పెట్టి, ఓరగా ముందుకు. ఆగాల్సిన చోట ఆగింది.

ఆయన తన చెయ్యి చెవికి ఆనించి చూపించాడు. "ఇలా రావాలి. రాలేదు కదమ్మా. నేనేం చెయ్యను?"

"బాబూ, మీరు ఎత్తమన్నది ఆకాశానికా, తాడుకా?"

"అంటే?"

"బెల్లు తాడు ఆకాశంలో లేదు, బస్సులో ఉన్నాది. బస్సులో సూడండి."

ఆయనకు కోపం వచ్చింది. కానీ గదిలో ఇంకో ఇద్దరు కండక్టర్లు, మా డ్రైవరన్న ఉన్నారు. వాళ్లు అప్పటికే లేచి నిలబడ్డారు. గ్యారేజీలో కడిగి పెట్టిన ఒక బస్సు దగ్గరికి అందరం వెళ్లాం. నేనెక్కాను. వెనక్కి, ముందుకి, మధ్యలోకి నడిచాను. నడవా మధ్యలో నిలబడి, ఎడమకాలు కాస్త వెనక్కి వేసి, మునివేళ్ల మీద లేచి, చెయ్యి ఓరగా ఎత్తి తాడుకి వేళ్లు తగిలించి, మోకాళ్లు వంచాను. ఒంటి బరువు దిగింది. బెల్లు మోగింది. ఇంకోసారి. రెండు బెల్లులు. డ్రైవరన్న కింద నిలబడి "రైట్ రైట్!" అని అరిచాడు. ఎడమచేత్తో కూడా కొట్టి చూపించాను, ఆ పద్నాలుగు నెలల్లో దానికీ నేర్పించాను కాబట్టి.

"సరేలే" అన్నాడు ఆఫీసరు. "వారం రోజులు చూద్దాం."

"అయితే ఇంకోటుంది బాబూ" అన్నాను. సంచిలోంచి దర్జీల టేపు తీశాను. ముందు రోజు కొన్నదే. నేల నుంచి తాడు దాకా కొలిచి చూపించాను. ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ. "ఇది ఎవులికి కట్టేరు? మన డిపోలో ఉన్న ఆడ కండక్టర్లలో దీనికి సులువుగా సెయ్యెట్టగల మనిషిని ఒక్కర్తిని సూపించండి. మగాళ్లలో కూడా సగం మంది సెయ్యి తల దాటించి ఎత్తాల్సిందే. నా సెయ్యి కొలిసేరు కదా. తాడు కూడా కొలవాల."

"బస్సులో ఉన్నదాన్ని మనం మార్చకూడదమ్మా. రూలు ఒప్పుకోదు."

"నేను మార్చను. తగిలిస్తాను."

మర్నాడు డ్యూటీకి వచ్చేటప్పుడు మూరెడేసి గోగునార తాళ్లు అయిదు తెచ్చుకున్నాను. పేనింది మా ఆయన. బెల్లు తాడుకి అయిదు చోట్ల ముడేసి కిందికి వేలాడదీశాను. కొస నా గడ్డం ఎత్తుకి వచ్చింది. ఎక్కిన జనం వింతగా చూశారు. నెల్లిమర్లలో ఒకామె అడిగింది.

"ఏటమ్మా ఇవి, దిష్టి తాళ్లా?"

"అవును, నా భుజానికి దిష్టి తగలకండా" అన్నాను.

ఆడవాళ్లకు టిక్కెట్టు ఉచితం అయినప్పటినుంచి బస్సులు మరీ కిటకిటలాడుతున్నాయి. ఆ మొదటి రోజు ఆ రద్దీలో, చెయ్యి తల దాటకుండా రాజాం దాకా బెల్లు కొట్టుకుంటూ వెళ్లాను. తిరిగొచ్చాక భుజం సలిపింది. కానీ సలపడం వేరు, ఆగిపోవడం వేరు.

మూడో రోజు బస్సెక్కితే తాళ్లు లేవు. గ్యారేజీలో కోసేశారు. ఎవరు చెప్పారని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. సంచిలోంచి ఇంకో అయిదు తీసి కట్టాను. మళ్లీ కోశారు. మళ్లీ కట్టాను. మా ఆయన ఆ నెలలో పేనినన్ని తాళ్లు పెళ్లయ్యాక ఎప్పుడూ పేనలేదు. "నువ్వు కడతానే ఉండు, నాను పేనతానే ఉంటాను. ఎవులు ముందు అలిసిపోతారో సూద్దాం" అన్నాడు.

వాళ్లే అలిసిపోయారు. మరో ఇద్దరు ఆడ కండక్టర్లు వచ్చి తమ బస్సులకూ కావాలన్నారు. అందులో ఒకామెకు ఆరో నెల. మొదట్లో మమ్మల్ని చూసి నవ్విన ఒక మగ కండక్టరు, పొడుగాటివాడే, మెడ నొప్పి వచ్చాక నా తాడు పట్టుకునే బెల్లు కొడుతుంటే చూశాను. నేను చూశానని చూసి, తాడు వదిలేసి నోటితో "ఓల్డాన్" అని అరిచాడు. అనుమతిస్తూ ఇప్పటిదాకా ఏ కాగితమూ రాలేదు. వద్దంటూ కూడా రాలేదు. ఆఫీసరు బస్సు తనిఖీకి వచ్చినప్పుడు ఆ తాళ్లను చెయ్యి అడ్డం పెట్టి తప్పించుకుని నడుస్తాడు, వాటి గురించి మాట్లాడడు.

పోయిన నెలనుంచి ఎడమ భుజం పట్టడం మొదలైంది. ఒక పక్క వచ్చినవాళ్లకి కొందరికి రెండో పక్క కూడా వస్తుందని ముందే చెప్పారు. ఈసారి నాలుగు నెలలు ఆగలేదు, నాలుగో రోజే వెళ్లాను. ఆ అమ్మాయి పెళ్లి చేసుకుని వేరే ఊరి ఆస్పత్రికి వెళ్లిపోయిందట. ఆమె చోట ఒకాయన ఉన్నాడు, కొత్తగా చేరాడు. నా కాగితాలు తిరగేసి, నిట్టూర్చి, ఓదార్పుగా మొదలుపెట్టాడు.

"ఈ వయసులో ఇవన్నీ మామూలే అమ్మా. పైగా షుగరు. మనం పెద్దగా ఆశలు..."

"వయసు సంగతి నాకు తెలుసు బాబూ. కోణం సెప్పండి."

ఆయన కొలిచాడు. "నూట అయిదు."

"రాసుకోండి. పక్కన కాసింత జాగా వదలండి, వచ్చే నెలది అక్కడ రాద్దురుగాని" అని చెప్పి, బల్ల మీద కుడిచెయ్యి ఆనించి ముందుకు వంగాను.